ఒకే బంతిలో హ్యాగిస్

వాకాడు నుంచి తూర్పుగా సముద్రం దారి పడితే దుగరాజపట్నం వస్తుంది. ఇప్పుడా తీరంలో పడవలు, వలలు, రొయ్యల గుంటలు కనిపిస్తాయి. నాలుగు వందల ఏళ్ళ కిందట మాత్రం అది ఇంగ్లీషు వాళ్ళకు అక్కరకొచ్చిన రేవు. మచిలీపట్నంలో అటు డచ్చి వాళ్ళ పోటీకీ ఇటు అధికారుల ఒత్తిడికీ తట్టుకోలేక ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1620ల మధ్యలో ఇక్కడికొచ్చి దిగారు. తమకు సాయం చేసిన ఆర్ముగం ముదలియారు పేరు మీదనే ఆ రేవును ఆర్మగాన్ అని పిలిచారంటారు. అక్కడి లైట్‌హౌస్‌కు ఇప్పటికీ ఆ పేరే. వాకాడు మండలం 2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది గానీ, మాటా వంటా మారడానికి జీవో చాలదు.

ఆర్మగాన్‌లో కంపెనీ కొన్నది బట్ట. మన నేతగాళ్ళ గుడ్డలు ఓడెక్కి జావా దీవిలోని బంటాం చేరేవి. అక్కడ ఆ గుడ్డలిచ్చి మిరియాలు కొనేవారు. మిరియాలు లండన్ వెళ్ళేవి. తగినంత బట్ట ఇక్కడ దొరకడం లేదని ఆర్మగాన్ పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్ళి ఇంకో ఇసుకతిన్నె చూసుకున్నాడు. అదే మద్రాసయింది, మన రేవు పడుకుంది. ఆ మిరియాలు మాత్రం ఇంగ్లీషు వంటిళ్ళలో ఒక పొట్ట కూరలోకీ చేరేవి. దాని పేరు హ్యాగిస్.

స్కాట్లాండు జాతీయ వంటకం ఇంగ్లీషు వంటింట్లో ఏం చేస్తోందని అడగవచ్చు. అప్పటికింకా అది స్కాట్లాండు సొంతం కాలేదు. 1430 ప్రాంతంలో ఇంగ్లండులోని లాంకషైర్ వైపు పుట్టిన ఒక వంట పుస్తకంలో గొర్రె గుండెకాయ, పేగులు, కొవ్వు, ఆకులు, గుడ్లు, మిరియాల పొడి కలిపి హ్యాగిస్ చేసే విధానం ఉంది. ఆ పుస్తకమంతా పద్యాల్లోనే ఉంటుంది. కంపెనీ వాళ్ళు ఆర్మగాన్ రావడానికి పదేళ్ళ ముందు, 1615లో, జెర్వేస్ మార్కం ఇంగ్లీషు ఇల్లాళ్ళ కోసం రాసిన పుస్తకంలో కూడా హ్యాగిస్ ఉంది. ఇది ఇష్టపడని మనిషి దొరకడం కష్టం కాబట్టి దీన్ని వేరే పొగడక్కర్లేదని ఆయన అభిప్రాయం.

ఆ తర్వాత నూటయాభై ఏళ్ళలో ఇంగ్లీషు వాళ్ళు ముక్క తినడం నేర్చి పొట్టను మరిచారు. ఓట్లు (ఓట్స్) అనే ధాన్యం తప్ప పెద్దగా పండని స్కాట్లాండు దాన్ని నిలుపుకుంది. 1771లో స్మాలెట్ రాసిన నవలలో హ్యాగిస్ అంటే స్కాట్లాండు వాళ్ళు తినే తిండి అనే భావన అప్పటికే స్థిరపడిపోయి ఉంటుంది. 1786 డిసెంబరులో రాబర్ట్ బర్న్స్ అనే ఇరవై ఏడేళ్ళ రైతుకవి ఎడింబరా పత్రికలో హ్యాగిస్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు ఒక కవిత అచ్చేశాడు. నాజూకు ఫ్రెంచి వంటలు తినే వాడి పిక్కల బలం చూడండి, హ్యాగిస్ తినే పల్లెటూరి వాడి పిడికిలి చూడండి అని దాని సారాంశం. వెక్కిరింత, పౌరుషం, ఆకలి మూడూ కలిసిన ముక్క అది. బర్న్స్ 1796లో చనిపోయాడు. 1801లో ఆయన మిత్రులు తొమ్మిదిమంది అల్లోవేలో ఆయన పుట్టిన పూరింట్లో చేరి తొలి సంస్మరణ విందు చేసుకున్నారు. ఆ విందులో హ్యాగిస్, దాంతో పాటు గొర్రె తలకాయ. తలకాయ కూర దగ్గర మన వాళ్ళకు ఇక పరిచయం చెప్పే పని లేదు.

ఇప్పుడు ప్రతి జనవరి 25న, బర్న్స్ పుట్టినరోజున, స్కాట్లాండు వాళ్ళు ఎక్కడున్నా ఈ విందు జరుపుతారు. బ్యాగ్‌పైపు వాయిస్తూ హ్యాగిస్‌ను ఊరేగింపుగా తెస్తారు. ఒకరు లేచి ఆ కవిత మొత్తం చదువుతారు. కత్తి మాట వచ్చిన చోట నిజంగానే కత్తి దించి పొట్ట చీలుస్తారు, ఆవిరి పైకి లేస్తుంది. మన వైపు వంకాయకు చాటు పద్యం ఉంది, గోంగూరకు పాటలున్నాయి. బోటీకి మాత్రం ఒక బర్న్స్ పుట్టలేదు.

నెల్లూరు గొర్రె ఎత్తయినది, మన దేశపు గొర్రెల్లో అంత ఎత్తు జాతి ఇంకొకటి లేదంటారు. ఒంటి మీద ఉన్ని ఉండదు, కొత్తవాళ్ళు చూసి మేకే అనుకుంటారు. తెల్లనిది పల్ల, తెల్లటి ఒంటికి మొహం మీద నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రనిది దొర. ఆదివారం పొద్దున్నే యాట తెగిన చోట ముక్కలు ముందు అమ్ముడవుతాయి. తలకాయ, కాళ్ళు, కార్జం ఎవరో ఒకరు చెప్పి పెట్టుకునే ఉంటారు. చివరికి పళ్ళెంలో మిగిలేది బోటీ. ఆ వేళకు వచ్చే గిరాకీ వేరు.

"అక్కా, పేగులు గూడా ఎయ్యమంటావా?"

"ఎయ్యి నాయనా, పిలకాయలు అడగతా ఉండారు."

కూర వండడానికి గంట చాలు, బోటీ కడగడానికే పూట పడుతుంది. పొట్టను చీల్చి లోపలున్నదంతా పారబోసి, సలసల కాగే నీళ్ళలో ముంచి తీస్తారు. ఎక్కువసేపు ఉంచితే లోపలి నల్లటి పొర పట్టేసుకుంటుంది, తక్కువైతే ఊడిరాదు. సరైన వేళకు తీసి కత్తి వెనక వైపుతో గీకితే పొర ముద్దలు ముద్దలుగా లేచి, కింద తెల్లగా టర్కీ టవల్లాంటి పొట్ట బయటపడుతుంది. పేగులది ఇంకో తంతు. చీపురుపుల్ల కొసకు ఒక చివర తగిలించి లోపలికి నెట్టుకుంటూ పోతే పేగు మొత్తం తిరగబడుతుంది. ఉప్పు, పసుపు వేసి పిసికి కడుగుతారు, వాసన చూసి మళ్ళీ కడుగుతారు. తర్వాత చిన్న ముక్కలు కోసి కుక్కర్‌కు ఎక్కించి, నానబెట్టిన శెనగపప్పు కలుపుతారు.

ఆ శెనగపప్పు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కిలో బోటీ ఉడికాక చేరెడవుతుంది, ఇంట్లో తినేవాళ్ళు అరడజను. పప్పు పడితే కూర గిన్నె నిండుతుంది, పప్పుకు కూడా బోటీ రుచి పడుతుంది. స్కాట్లాండు ఇల్లాలు చేసింది సరిగ్గా ఇదే. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు విడదీయకుండా ఒకే కుండలో ఉడికించేవారు. ఊపిరి గొట్టాన్ని మాత్రం కుండ అంచు మీదుగా బయటికి వేలాడదీసేవారు, ఉడుకుతున్నప్పుడు లోపలి నురగ అందులోంచి కారిపోవడానికి. ఉడికినదాన్ని సన్నగా తరిగి, వేయించిన ఓట్ల నూక, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలిపి, అవి ఉడికిన నీళ్ళు కొంచెం పోసి, కడిగిన గొర్రె పొట్టలో కూరేవారు. నిండా కూరితే ఓట్లు ఉబ్బి పొట్ట పగులుతుంది కాబట్టి సగానికి కాస్త పైగా నింపి, కుట్టి, సూదితో అక్కడక్కడా పొడిచి మళ్ళీ గంటల తరబడి ఉడికించేవారు. ఈ రోజుల్లో పొట్టకు బదులు ఎక్కువగా కృత్రిమ తొడుగులే వాడుతున్నారు. తినేవాళ్ళలో చాలామంది లోపలున్నదేమిటో కూడా ఆలోచించరు.

ఇక్కడి నుంచే రెండు ఊళ్ళ దారులూ విడిపోతాయి. మాంసం తినని వాళ్ళు వాకాడులో వందల ఏళ్ళుగా ఉన్నారు. శాకాహార బోటీ మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. శాకాహారి అనేవాడు నిన్నగాక మొన్న కనిపించిన ఎడింబరాలో శాకాహార హ్యాగిస్ వచ్చింది. తలకిందులుగా జరగవలసింది కదా! కారణం వంటలో వెతికితే దొరకదు, బంతిలో వెతకాలి.

మన పల్లెల్లో తినేవాళ్ళూ తినని వాళ్ళూ ఒక బంతిలో కూర్చోలేదు. ఎవరి ఇల్లు వారిది, ఎవరి పొయ్యి వారిది. బోటీ, నెత్తురు, తలకాయ ఎవరి వాటాకు వచ్చేవో ఊళ్ళో అందరికీ తెలుసు, కులానికొక భాగం రాసి పెట్టినట్టే ఉండేది. శాకాహారం పై మెట్టు మీద ఉండేది, కింది మెట్టు వాడి బోటీని పప్పుతో నకలు చేసుకుని తినాలన్న కోరిక పైవాడికి కలిగే ప్రశ్నే లేదు. తినే ఇళ్ళలో కూడా కార్తీకమాసం, శనివారం, కొండకు మొక్కుకున్న రోజులు ఉంటాయి. ఆ రోజు మాంసం లేదు, అంతే. పప్పు, పులుసు, వంకాయ ఉండనే ఉన్నాయి. అల్లం వెల్లుల్లి, చెక్క, లవంగం పడితేనే ముక్కు మూసుకునే ఇళ్ళు ఇంకోవైపు. మాంసాన్ని గుర్తుచేసే కూర అంటే అక్కడ సగం మాంసమే. నకలు అవసరమయ్యేది ఒకే బల్ల చుట్టూ ఇద్దరూ కూర్చున్నప్పుడు, ఇద్దరి పళ్ళెంలోనూ ఒకేలాంటిది ఉండాలని మర్యాద కోరినప్పుడు.

ఎడింబరాలో 1984లో జరిగింది అదే. స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ అనే కవితల గ్రంథాలయం ఆ ఏడాది ట్వీడేల్ కోర్ట్‌లో తెరిచారు. దాన్ని పట్టుబట్టి స్థాపించిన టెస్సా రాన్స్‌ఫర్డ్ స్వయంగా కవయిత్రి, పుట్టింది 1938లో మన బొంబాయిలో. స్కాట్లాండులో కవుల వేడుకకు హ్యాగిస్ లేకపోతే ఎలా? వచ్చే వాళ్ళలో మాంసం తినని వాళ్ళుంటే ఎలా? అందరూ లేచి నిలబడి బర్న్స్‌ను తలుచుకుంటూ పొట్ట కోస్తుంటే అతిథి ఖాళీ పళ్ళెంతో కూర్చోవడం బాగోదు. ఆవిడ జాన్ మాక్స్వీన్ దగ్గరికి వెళ్ళింది. మాక్స్వీన్‌ది మాంసం కొట్టు, ఆయన తండ్రి చార్లీ 1953లో బ్రంట్స్‌ఫీల్డ్‌లో పెట్టింది. ఒక కసాయిని పట్టుకుని మాంసం లేని వంట కనిపెట్టమనడం ఎంత వింతో, ఆయన సరేననడం అంతకంటే వింత.

ఆయన చేసిన పని చూస్తే తెలివి తెలుస్తుంది. ఓట్లు అలాగే ఉంచాడు. మిరియాలూ మసాలాలూ అలాగే ఉంచాడు. కొవ్వు స్థానంలో వనస్పతి లాంటిది వేశాడు. గొర్రె భాగాల చోట రాజ్మా, పప్పు, క్యారెట్, పుట్టగొడుగులు, రకరకాల గింజలు వచ్చాయి. నా లెక్కలో ఊపిరితిత్తుల మెత్తదనాన్ని పుట్టగొడుగులు చూసుకుంటాయి, ఉడికిన కార్జం నోట్లో పిండిపిండిగా అయ్యే గుణాన్ని పప్పూ రాజ్మా చూసుకుంటాయి. అసలు గుట్టు ఇంకొకటి. హ్యాగిస్‌లో ముక్క లేదు, ఎముక లేదు, పీచు లేదు. అన్నీ తరిగి కలిపేశాక నోటికి తెలిసేది ఓట్ల పలుకు, కొవ్వు, మిరియం ఘాటు. వందల ఏళ్ళుగా పేదరికం ఆ వంటలో మాంసాన్ని తగ్గిస్తూ వచ్చింది, మాక్స్వీన్ మిగిలిన దాన్ని తీసేశాడు. వినడానికి ఒళ్ళు జలదరించే వంటకం నకలుకు అన్నిటికంటే తేలిగ్గా లొంగింది. కోడి తొడకు ఇప్పటికీ ఆ యోగం పట్టలేదు.

వేడుక కోసం చేసింది అంగడికెక్కింది. ఇప్పుడు స్కాట్లాండు దుకాణాల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. బర్న్స్ విందుల్లో శాకాహార హ్యాగిస్ ముందు కూడా అదే కవిత చదువుతారు. కవితలో నెత్తురోడే వర్ణన ఎలా ఉన్నా ఎవరూ మార్చలేదు. పక్కన చిదిమిన బంగాళాదుంప, పసుపుపచ్చటి ఒక రకం టర్నిప్ ముద్ద. పులుపు లేదు, కారం లేదు, నెల్లూరు నాలుకకు అదొక లోటే.

మన బంతి ఎప్పుడు కలిసింది? పూర్తిగా కలిసిందని నేనను. అయితే హాస్టళ్ళు వచ్చాయి. వాకాడు పక్కనే విద్యానగర్‌లో 1979లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, తర్వాత రాష్ట్రమంతటా అలాంటివి మొలిచాయి. నాలుగు కులాల పిలకాయలు ఒకే మెస్సులో పళ్ళెం పట్టుకున్నారు. ఆదివారం ఒకడికి కోడికూర వడ్డిస్తుంటే పక్కవాడికి ఏదో ఒకటి, అదే గ్రేవీలో, అదే రంగులో పడాలి. ఆ చోటును మీల్ మేకర్ పట్టింది. బ్రాండు పేరు కాస్తా సరుకు పేరైపోయి, కొట్లో "ఒక మీల్ మేకర్ ప్యాకెట్టు" అంటే చాలు.

దాని పుట్టుక మోటారు కార్ల ఫ్యాక్టరీలో. హెన్రీ ఫోర్డుకు సోయా చిక్కుడు మీద పిచ్చి ప్రేమ. ఆయన దగ్గర పనిచేసిన రాబర్ట్ బోయర్ అనే రసాయన శాస్త్రవేత్త కారు సీట్ల గుడ్డ కోసం సోయా ప్రోటీన్ నుంచి నూలు తీశాడు. ఫోర్డు ఆ నూలు కలిపి నేసిన సూటు తొడుక్కుని ఫొటోలు దిగాడు. సూటు జనానికి ఎక్కలేదు. ఇంత మెత్తని పోగును తింటే ఎలా ఉంటుందన్న ఆలోచన బోయర్‌ను వదల్లేదు, 1954లో ఆ పోగులతో మాంసంలాంటి తిండి చేసే పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నాడు. అది ఖరీదైన వ్యవహారం. చౌక దారి విలియం అట్కిన్సన్‌ది. ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్ కంపెనీ తరఫున ఆయన పేటెంటు 1970 జనవరిలో వచ్చింది. నూనె తీసేసిన సోయా పిండిని నీళ్ళతో కలిపి, మర తిరిగే గొట్టంలో వేడి మీద, ఒత్తిడి మీద తోస్తారు. లోపల ప్రోటీన్ కరిగి పొరలు పొరలుగా సాగుతుంది. చివర సన్న రంధ్రంలోంచి బయటపడగానే ఒత్తిడి పోయి నీరు ఆవిరై ఎగురుతుంది, ముద్ద ఉబ్బి బెజ్జాలు పడుతుంది. ఎండాక మన చేతికొచ్చే గోలీలు అవే, అందులో ప్రోటీన్ సగం దాకా ఉంటుంది.

సోయా మన దేశంలో విస్తరించింది 1960ల తర్వాత. పంత్‌నగర్, జబల్పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేశాయి, మధ్యప్రదేశ్ రైతు పంటగా పట్టాడు. నూనె మిల్లుకు పోయింది, మిగిలిన పిండి హాస్టల్ మెస్సుకు వచ్చింది. వేడినీళ్ళలో వేసి, ఉబ్బాక రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి, ఆ పచ్చి సోయా వాసన నీళ్ళు పారబోసి, మళ్ళీ ముంచి మళ్ళీ పిండిన వాళ్ళే దాన్ని వండగలరు. ఒకసారి పిండి ఊరుకున్న కూరను నోట పెట్టలేం. పెళ్ళి బఫేలో మీల్ మేకర్ బిర్యానీ మటన్ బిర్యానీకి ఒక బల్ల దూరంలో ఉంటుంది. ఆ ఒక బల్ల దూరం ఇంకా ఉంది.

హ్యాగిస్‌ను శాకాహారం వైపు నెట్టిన శక్తి ఇంకొకటి అమెరికా చట్టం. పశువుల ఊపిరితిత్తులు మనుషుల తిండికి పనికిరావని 1971లో అక్కడి ప్రభుత్వం నిషేధించింది. అసలు సిసలు హ్యాగిస్ అప్పటి నుంచి ఆ దేశంలో కాలు పెట్టలేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్ళకు మేక తలకాయ, కార్జం, బోటీ దొరుకుతాయి గానీ ఊపిరితిత్తులు దొరకనిదీ అందుకే. శాకాహార హ్యాగిస్‌కు ఆ గొడవ లేదు.

ఆ అమెరికాలోనే ఒక విజయవాడ కుర్రవాడు అసలు ప్రశ్నను తిరగేశాడు. ఉమా వాలేటి తండ్రి పశువైద్యుడు, తల్లి ఫిజిక్స్ టీచరు. పన్నెండేళ్ళప్పుడు పక్కింటి పుట్టినరోజు విందుకు వెళ్ళి, ముందు వైపు తందూరీ కోడీ మేక కూరా వడ్డిస్తుంటే ఇంటి వెనక్కి నడిచి అక్కడ కోళ్ళనూ మేకలనూ కోస్తుండడం చూశానని ఆయన చాలాసార్లు చెప్పారు. పుదుచ్చేరి జిప్మర్‌లో డాక్టరై, అమెరికాలో గుండె వైద్యుడై, పాడైన గుండె కండరంలో మూలకణాలతో కొత్త కండ పెంచే పనిలో ఉన్నప్పుడు తిండికి కండ ఎందుకు పెంచకూడదనుకున్నారు. 2015లో మెంఫిస్ మీట్స్ పెట్టారు, తర్వాత అది అప్‌సైడ్ ఫుడ్స్ అయింది. 2016లో మొదటి మాంసపు ఉండ చేసి చూపించారు, అప్పటికి దాని ధర పౌనుకు వేల డాలర్లలో ఉంది. 2023 జూన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ అమ్మకానికి అనుమతిచ్చింది, జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక రెస్టారెంటు ఆ కోడిమాంసాన్ని వడ్డించింది. మరుసటేడే ఫ్లోరిడా రాష్ట్రం అలాంటి మాంసాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన హైదరాబాదులోనూ సీసీఎంబీకీ జాతీయ మాంస పరిశోధన కేంద్రానికీ కలిపి 2019లో ఇదే పనికి కేంద్రం నాలుగున్నర కోట్లు మంజూరు చేసింది.

వీళ్ళందరూ పట్టుకున్నది ముక్కనే. కండను పీచుతో సహా పెంచడం అన్నిటికంటే కష్టం, ఖర్చు కూడా అక్కడే. వాకాడు ఆదివారం పళ్ళెంలో చివరిదాకా మిగిలే బోటీ మీద ఏ ప్రయోగశాలా మనసు పెట్టలేదు. నకలు చేయదలుచుకుంటే అది ఎంత సులువో మాక్స్వీన్ ఎప్పుడో చూపించాడు. శెనగపప్పు మన కూరలో ఇప్పటికే సగం ఉంది. మిగతా సగానికి పుట్టగొడుగులు సన్నగా తరిగి, కాస్త పనసపొట్టు కలిపి, మిరియాలూ ధనియాలూ అల్లం వెల్లుల్లీ తగ్గించకుండా వేస్తే చాలావరకు అందుకుంటుందని నా నమ్మకం. వేరుసెనగ నూనె మాత్రం ధారాళంగా పడాలి, కొవ్వు లేని బోటీ ఎక్కడా ఉండదు.

హ్యాగిస్ మాత్రం ఇప్పుడు మన పిండిలోకి దిగింది. గ్లాస్గోలో స్థిరపడిన భారత, పాకిస్తాన్ కుటుంబాల హోటళ్ళలో హ్యాగిస్ పకోడీ మామూలు సరుకు. ముద్దను చిన్న ఉండలు చేసి, కారం కలిపిన శెనగపిండిలో ముంచి, కాగే నూనెలో వేస్తారు. శాకాహార హ్యాగిస్‌తోనూ అవే వేస్తారు. వేగాక పైకి రెంటికీ తేడా కనిపించదు, రెండు పళ్ళేలు కలిసిపోకుండా చూసుకోవడం వడ్డించేవాళ్ళ పని.